‘ఆ ఏరియా మంచిది కాదు’ అని కాగితం మీద రాసిందెవరు?

చికాగోలో చదువుకోవడానికి దిగిన తెలుగు కుర్రాడికి సీనియర్లు మొదట్లోనే చెప్పే జాగ్రత్తల్లో ఒకటి ఇలా ఉంటుంది: ‘సౌత్ సైడ్ వైపు పోకు, వెస్ట్ సైడ్‌లో రాత్రిపూట తిరక్కు, ఆ ఏరియాలు మంచివి కావు.’ గ్యాస్ స్టేషన్లోనో చిన్న దుకాణంలోనో పార్ట్‌టైమ్ పని చేస్తూ తూటాకు బలైన మన పిల్లల వార్తలు పేపర్లో చదివినవాళ్లెవరూ ఈ సలహాను తప్పుపట్టరు. కాకపోతే ఏరియా అంటే ఇళ్లూ రోడ్లూ చెట్లే కదా, దానంతటదే చెడిపోదు. ఈ వాడల గురించి ‘మంచిది కాదు’ అని ప్రభుత్వ కాగితాల మీద రాసినవాళ్లున్నారు. ఆ ఫారాలు, రంగులు వేసిన ఆ పటాలు ఇప్పటికీ అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. ఆ రాతలకు తుపాకులతో గానీ ముఠాలతో గానీ సంబంధం లేదు. ఇంటి లోన్ల కోసం రాసినవి అవి.

1930ల మాంద్యంలో వాయిదాలు కట్టలేక లక్షల మంది అమెరికన్లు ఇళ్లు పోగొట్టుకుంటుంటే, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1933లో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే సంస్థను పెట్టింది. మునిగిపోతున్న ఇంటి అప్పులను అది తన మీద వేసుకుని, తేలిక వాయిదాలుగా మార్చి ఇచ్చేది. ఆ తర్వాత, 1935 నుంచి 1940 వరకు, రెండు వందలకు పైగా నగరాల్లో ఏ వాడలో ఇంటి మీద అప్పు ఇస్తే ఎంత రిస్కో లెక్కగట్టే పని కూడా పెట్టుకుంది. స్థానిక రియల్ ఎస్టేట్ వ్యాపారులను, బ్యాంకర్లను కూర్చోబెట్టి ఒక్కో వాడకు గ్రేడు వేయించింది. ఎ గ్రేడుకు ఆకుపచ్చ, బికి నీలం, సికి పసుపు, డికి ఎరుపు. ఎరుపంటే ‘ప్రమాదకరం’.

ఒక్కో వాడకు ఒక్కో పేజీ ఫారం. ఇళ్ల వయసెంత, గోడలు ఇటుకవా చెక్కవా, అద్దె ఎంత పలుకుతుంది, ఇలాంటి గడులు బోలెడు. వాటి పక్కనే జనం గురించిన గడులు కూడా ఉంటాయి. వాళ్లు చేసే పనులేంటి, ఏడాదికి సంపాదనెంత, విదేశాల్లో పుట్టినవాళ్లు ఎంత శాతం, నీగ్రోలు ఉన్నారా, ఉంటే ఎంత శాతం. ఇంకో గడి ఉంది, దానికి పెట్టిన పేరుకు మన భాషలో దగ్గరి మాట ‘చొరబాటు’. ఈ వాడలోకి ఎవరు చొరబడుతున్నారు అని ప్రశ్న. సరిహద్దు దాటిన శత్రుసైన్యం గురించి వాడే మాటను, నెల జీతం మీద బతుకుతూ అద్దె ఇల్లు వెతుక్కునే కుటుంబానికి వాడారు. పేజీలో కింద, ఈ వాడలో ఇంటి లోను దొరుకుతుందా అని ఇంకో గడి. పైన రాసినదాన్ని బట్టే కింద జవాబు.

ఈ కథ చాలాచోట్ల ఇలాగే మొదలై ఇక్కడే తేలిగ్గా ముగిసిపోతుంది. పాత ఎర్ర రంగు పటం మీద ఇప్పటి కాల్పుల చుక్కలు పెట్టి చూపిస్తారు. చుక్కలన్నీ ఎరుపులోనే పడతాయి. చూసినవాళ్లు ‘అమ్మో’ అంటారు, అంతటితో సరి. బొమ్మ అబద్ధం కాదు. ఫిలడెల్ఫియా, లూయీవిల్, బాల్టిమోర్ లాంటి నగరాల మీద గత కొన్నేళ్లలో వచ్చిన అధ్యయనాలు దాదాపు ఒకే మాట చెబుతున్నాయి: 1930లలో ఎరుపు పడిన వాడల్లోనే ఇప్పుడూ కాల్పులు ఎక్కువ. అయితే తొంభై ఏళ్ల కిందటి కాగితానికీ నిన్న రాత్రి పేలిన తుపాకికీ మధ్య నాలుగు తరాల మనుషులున్నారు. వాళ్లను దాటేసి ఈ కొసనూ ఆ కొసనూ ముడేస్తే విశ్లేషణ అనిపించుకోదు.

పైగా ఆ పటం గురించి చరిత్రకారుల్లోనే పేచీ ఉంది. 1970ల చివర్లో కెనెత్ జాక్సన్ ఈ పటాలను వెలికితీశాక, అన్నిటికీ మూలం ఇవేనన్న అభిప్రాయం బలపడింది. తర్వాత ప్రైస్ ఫిష్‌బ్యాక్ లాంటి ఆర్థిక చరిత్రకారులు లెక్కలు తీసి కొన్ని ఇబ్బందికరమైన విషయాలు బయటపెట్టారు. ఈ సంస్థ తన అప్పుల్లో అత్యధిక భాగం పటాలు గీయకముందే ఇచ్చేసింది, అందులో తర్వాత ఎరుపు పడిన వాడలకు ఇచ్చినవి కూడా ఉన్నాయి. ఎర్ర గీత లోపల బతికినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లే, అంటే పేద తెల్లవాళ్లు, ఇటలీ నుంచీ తూర్పు యూరప్ నుంచీ వచ్చినవాళ్లు. నల్లవాళ్ల వాడలకు మాత్రం దాదాపు ప్రతిచోటా ఎరుపే పడింది.

అసలు దెబ్బ కొట్టింది 1934లో పుట్టిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, ఎఫ్‌హెచ్‌ఏ. అది సొంతంగా అప్పు ఇవ్వదు. బ్యాంకు ఇచ్చిన అప్పుకు పూచీ పడుతుంది. చూడ్డానికి చిన్న తేడాలా ఉన్నా అమెరికా మధ్యతరగతి నిలబడింది దీని మీదే. అంతకుముందు ఇల్లు కొనాలంటే సగం డబ్బు చేతిలో ఉండాలి, మిగతాది అయిదారేళ్లలో తీర్చేయాలి. ప్రభుత్వ పూచీ వచ్చాక పదో ఇరవయ్యో శాతం కడితే చాలు, మిగతాది ఇరవై, ముప్ఫై ఏళ్ల వాయిదాలు. ఇప్పుడు మనవాళ్లు ఫ్రిస్కోలోనో ఎడిసన్లోనో కట్టుకునే ముప్ఫై ఏళ్ల లోనుకు తాత అదే. ఆ పూచీ ఎవరికి ఇవ్వాలో చెప్పే మాన్యువల్లో, వేర్వేరు జాతులు ఒకచోట కలిస్తే ఇళ్ల ధర పడిపోతుందని, వాళ్లను వేరుగా ఉంచే కట్టుబాట్లు దస్తావేజుల్లో రాయించడం మంచిదని ఉండేది. ఇలాంటి కట్టుబాట్లు చాలాచోట్ల ఆసియావాళ్లను కూడా బయట ఉంచాయి. వాటిని కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు 1948లో తీర్పిచ్చింది గానీ, పాత దస్తావేజుల్లో ఆ వాక్యాలు ఇప్పటికీ కనబడుతుంటాయి.

డెట్రాయిట్‌లో ఎయిట్ మైల్ రోడ్డుకు దగ్గర్లో 1941లో కట్టిన ఒక గోడ ఉంది. ఒక బిల్డర్ తెల్లవాళ్ల కోసం వెంచర్ వేయబోతే, పక్కనే నల్లవాళ్ల ఇళ్లున్నాయని ఎఫ్‌హెచ్‌ఏ పూచీకి అడ్డు చెప్పింది. అతను రెండిటి మధ్య దాదాపు ఆరడుగుల ఎత్తున, అరమైలు పొడవున కాంక్రీటు గోడ లేపాడు. పూచీ వచ్చేసింది. ఆ గోడ వల్ల దొంగతనం ఆగదు, వరదా ఆగదు. దాని పనల్లా ఫైలు కదిలించడం, ఆ పని అది చేసిపెట్టింది. ఇప్పుడు గోడకు రెండు పక్కలా నల్లవాళ్లే ఉంటున్నారు, కొంత మేర రంగురంగుల బొమ్మలు వేశారు.

బ్యాంకు ముఖం చాటేసిన చోట ఇల్లు కొనుక్కోవడం ఎలా? చికాగో వెస్ట్ సైడ్‌లోని నార్త్ లాండేల్‌లో ఏం జరిగిందో చూస్తే తెలుస్తుంది. 1950లో అక్కడ పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది తెల్లవాళ్లు, ఎక్కువమంది యూదులు. 1960కల్లా పదిమందిలో తొమ్మిదిమంది నల్లవాళ్లు. పదేళ్లలో ఊరంతా మారిపోయింది. దక్షిణాది నుంచి వస్తున్న నల్లవాళ్లకు ఇళ్లు కావాలి. బ్రోకర్లు తెల్లవాళ్ల తలుపు తట్టి, ‘నల్లవాళ్లొస్తున్నారు, రేపు రేటు పడిపోతుంది, ఇవాళే అమ్మేయండి’ అని భయపెట్టి కారుచౌకగా కొనేవారు. కొన్నదాన్ని కొద్దిరోజుల్లోనే నల్లకుటుంబానికి దాదాపు రెట్టింపు ధరకు అమ్మేవారు. అమ్మడమన్నది పేరుకే. మన దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా ఒట్టి అగ్రిమెంటు మీద ఇల్లు కొన్నవాళ్ల పరిస్థితి తెలిసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. అడ్వాన్సు కట్టాలి, నెలనెలా కిస్తీ కట్టాలి, పన్ను, రిపేర్లు కొన్నవాడివే. దస్తావేజు మాత్రం చివరి కిస్తీ దాకా అమ్మినవాడి పేరు మీదే. ఒక్క కిస్తీ తప్పితే ఇల్లు ఖాళీ చేయాలి, అప్పటిదాకా కట్టిందంతా గోవిందా. అదే ఇంటిని మళ్లీ ఇంకొకరికి ఇలాగే అమ్ముకోవచ్చు.

కాంట్రాక్టు కొనుగోలు అనేవారు దీన్ని. 1950, 60లలో చికాగోలో నల్లవాళ్లు కొన్న ఇళ్లలో అత్యధికం ఇలా కొన్నవే. డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో వేసిన లెక్క ప్రకారం, ఆ ఇరవై ఏళ్లలో ఆ నగరపు నల్లకుటుంబాల నుంచి ఇలా అదనంగా పిండిన సొమ్ము ఇప్పటి విలువలో 300 నుంచి 400 కోట్ల డాలర్లు.

కిస్తీ తప్పకూడదు కాబట్టి తండ్రి రెండు డ్యూటీలు, తల్లి ఒక డ్యూటీ. అయినా చాలకపోతే ఇంట్లో ఒక గది అద్దెకు. అదీ చాలకపోతే కప్పు కారినా, మెట్లు విరిగినా వాటి జోలికి పోకుండా వదిలేయడం. ఒక్కో ఇంట్లో రెండు, మూడు కుటుంబాలు చేరేసరికి బడుల్లో పిల్లలు పట్టలేదు. చికాగోలో నల్లవాళ్ల బడులను రెండు షిఫ్టులుగా నడిపారు, ఆవరణలో ట్రెయిలర్లు దించి తరగతులు పెట్టారు. దీనికి నిరసనగా 1963 అక్టోబర్‌లో రెండు లక్షల మందికి పైగా పిల్లలు ఒక్కరోజు బడి మానేశారు. ఇళ్లు పాడుపడుతున్నాయి, మధ్యాహ్నం పిల్లలు రోడ్ల మీదున్నారు, పెద్దలు ఇళ్లలో లేరు. అది చూసి బయటివాళ్లు ‘చూశారా, వీళ్లొచ్చాక ఏరియా ఎలా తయారైందో’ అన్నారు. ముప్ఫై ఏళ్ల కిందట ఫారంలో రాసిన జోస్యాన్ని ఇలా దగ్గరుండి నిజం చేశారు.

మార్టిన్ లూథర్ కింగ్ 1966లో ఈ నార్త్ లాండేల్‌కే వచ్చి ఒక పాడుబడిన ఫ్లాటులో కాపురం పెట్టాడు. 1968 ఏప్రిల్ 4న ఆయన్ను హత్య చేస్తే, వెస్ట్ సైడ్‌లో దుకాణాలు వరసపెట్టి తగలబడ్డాయి. వారం తిరగ్గానే ఇళ్ల అమ్మకాల్లో, అద్దెల్లో వివక్షను నిషేధించే ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం పెట్టాడు. అదే ఏడాది అక్కడి కాంట్రాక్టు కొనుగోలుదారులు సంఘం పెట్టి, కిస్తీలు కట్టడం ఆపేసి పోరాడారు. కొన్ని వందల కుటుంబాలు తమ ఒప్పందాలను తిరగరాయించుకోగలిగాయి. ఇంతలో పులి మీద పుట్రలా ఫ్యాక్టరీలు పోయాయి. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ప్లాంటు మూతపడింది, సియర్స్ కంపెనీ 1970లలో హెడ్డాఫీసును డౌన్‌టౌన్ టవర్‌కు మార్చుకుంది, పొరుగున సిసెరోలో ఉన్న వెస్ట్రన్ ఎలక్ట్రిక్ 1980లలో మూతపడింది. 1960లో లక్షా పాతికవేల మంది ఉన్న వాడలో ఇప్పుడు మూడో వంతు కూడా లేరు. వెళ్లగలిగినవాళ్లంతా వెళ్లిపోయారు. కూలగొట్టిన ఇళ్ల జాగాలు గడ్డిపట్టి అలాగే ఉండిపోయాయి. 1980లలో క్రాక్ కొకైన్ వ్యాపారానికి అలాంటి మూల దొరికితే ఇంకేం కావాలి?

తిలాపాపం తలా పిడికెడు. ఫారం రాసినవాడు, పూచీ ఇవ్వనివాడు, అగ్రిమెంటు మీద అమ్మినవాడు, ఫ్యాక్టరీ ఎత్తుకుపోయినవాడు, ఇన్ని చేతులు పడ్డాయి దీని మీద. పటం ఒక్కటే చేయలేదు, అలాగని పటం ఏమీ చేయలేదనీ కాదు. చికాగో ఫెడరల్ రిజర్వ్ బ్యాంకుకు చెందిన డేనియల్ ఆరన్‌సన్, ఆయన సహచరులు ఎర్ర గీతకు అటూ ఇటూ ఆనుకుని ఉన్న ఇళ్లను మాత్రమే పోల్చి చూశారు. పటాలు 40 వేల జనాభా దాటిన నగరాలకే గీశారు కాబట్టి, ఆ అంకెకు కాస్త అటూ ఇటూ ఉన్న ఊళ్లను కూడా పోల్చారు. గీతకు లోపలి వైపు సొంత ఇళ్లు తగ్గాయి, ఇళ్ల విలువ పడింది, జాతుల వారీ వేర్పాటు పెరిగింది. ఈ తేడా దశాబ్దాల పాటు పెరిగి, 1970ల తర్వాత మెల్లగా తగ్గుముఖం పట్టింది. కారణాల్లో పటం వాటా చిన్నదే కావచ్చు, ఉన్నమాట మాత్రం నిజం.

ఇక తుపాకుల సంగతి. అమెరికాలో 2021లో తుపాకులకు 48,830 మంది చనిపోయారు. అందులో సగానికి పైగా ఆత్మహత్యలన్న విషయం మన దగ్గర చాలామందికి తెలియదు. దాదాపు 21 వేలు హత్యలు. పదిహేను నుంచి ముప్ఫై నాలుగేళ్ల మధ్య నల్లజాతి మగవాళ్లు ఆ దేశ జనాభాలో 2 శాతమే, తుపాకి హత్యలకు బలైనవాళ్లలో మాత్రం మూడో వంతు కంటే ఎక్కువ. ఈ అంకె వినగానే ఆ వాడంతా తుపాకులు పట్టుకు తిరుగుతోందనుకుంటే పొరపాటే. సోషియాలజిస్టు ఆండ్రూ పాపక్రిస్టోస్ చికాగో పోలీసు రికార్డుల నుంచి ఎవరు ఎవరితో కలిసి అరెస్టయ్యారో గీతలు గీసి ఒక వల తయారుచేశాడు. ప్రాణం పోకుండా తూటా గాయాలైనవాళ్లలో 70 శాతం ఆ వలలోనే ఉన్నారు. వలలో ఉన్నది నగర జనాభాలో 6 శాతం కూడా లేరు. అంటే ఎర్ర వాడలో కూడా చాలామంది ఆ గొడవల్లో లేరు, ఆ చప్పుళ్ల మధ్య పిల్లల్ని పెంచుకుంటున్నారు. తుపాకులు తయారయ్యేదీ అక్కడ కాదు. చికాగోలో పోలీసులు పట్టుకున్న తుపాకుల్లో సగానికి పైగా ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవే, మిగతా ఏ రాష్ట్రం కంటే ఎక్కువగా పక్కనే ఉన్న ఇండియానా నుంచి.

ఆ చప్పుడు పిల్లల మీద ఏం చేస్తుందో పాట్రిక్ షార్కీ అనే పరిశోధకుడు కొలిచాడు. చికాగోలో నల్లజాతి పిల్లలకు చదువు, పదజాలం పరీక్షలు పెట్టిన తేదీలు తీసుకుని, వాళ్ల ఇంటి దగ్గర్లో అంతకుముందు వారంలో ఏదైనా హత్య జరిగిందా అని చూశాడు. జరిగివుంటే మార్కులు స్పష్టంగా తగ్గాయి. ఆ పిల్లలు హత్యను కళ్లారా చూడనక్కర్లేదు. వీధిలో పసుపు టేపు కట్టడం, అమ్మ కిటికీ దగ్గర పడుకోనివ్వకపోవడం, రాత్రంతా టెన్షన్, పొద్దున్నే పరీక్ష. ఏడాదిలో ఇలాంటి వారాలెన్ని వస్తాయో అన్నిసార్లు చదువు వెనక్కి పోతుంది. చదువు పోతే జీతం పోతుంది. పేదరికం వల్ల కాల్పులని అందరూ అంటారు, కాల్పుల వల్ల పేదరికమన్న రెండో సగం అంతగా వినబడదు.

సంపాదనలో పిల్లలు తల్లిదండ్రుల కంటే ఎంత పైకెక్కారన్న లెక్కకు ఇప్పుడు అందరూ చూసేది, ఢిల్లీలో పుట్టి హార్వర్డ్‌లో పనిచేస్తున్న రాజ్ చెట్టి బృందం వైపే. పన్ను రికార్డులు, జనగణన కలిపి సుమారు రెండు కోట్ల మంది పిల్లల లెక్క తీశారు వాళ్లు. అట్టడుగు అయిదో వంతు కుటుంబంలో పుట్టిన తెల్ల పిల్లల్లో 10.6 శాతం మంది పెద్దయ్యాక పై అయిదో వంతులోకి చేరితే, నల్ల పిల్లల్లో చేరింది 2.5 శాతం. మరీ పేద కుటుంబాల్లో పుట్టిన నల్ల మగపిల్లల్లో 21 శాతం మంది 2010 జనగణన రోజున జైల్లో ఉన్నారు.

ఎర్ర పటం మీదే అంతా మోపాలనుకునేవాళ్లకు ఈ బృందం లెక్కల్లో మింగుడుపడని విషయం ఒకటుంది. ఒకే వాడలో, ఒకే సంపాదన ఉన్న ఇళ్లలో పెరిగిన పిల్లల్ని పోల్చినా, నూటికి 99 వాడల్లో నల్ల మగపిల్లవాడు తెల్ల మగపిల్లవాడి కంటే తక్కువే సంపాదిస్తున్నాడు. వాడ మారిస్తే అన్నీ సర్దుకుంటాయనుకోవడం తప్పని తేలింది. ఆడపిల్లల్లో చూస్తే, సమాన ఆదాయపు ఇళ్లలో పెరిగిన నల్ల, తెల్ల అమ్మాయిల సొంత సంపాదనలో తేడా దాదాపు లేదు. మగపిల్లల విషయంలోనే ఈ తేడా ఉందంటే పోలీసు, కోర్టు, ఉద్యోగమిచ్చేవాడి చూపు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. అలాగని వాడ లెక్కలోకి రాదని కాదు. పేదరికం తక్కువగా ఉండి, నల్లజాతి తండ్రులు ఎక్కువమంది పిల్లలతో కలిసి ఉంటున్న వాడల్లో ఆ తేడా తక్కువ. అలాంటి వాడల్లో పెరుగుతున్న నల్ల పిల్లలు 5 శాతం కూడా లేరు. తెల్ల పిల్లల్లో 63 శాతం మందికి అలాంటి పరిసరాలు దొరుకుతున్నాయి.

1994లో ప్రభుత్వం బాల్టిమోర్, చికాగో సహా అయిదు నగరాల్లో పేదల క్వార్టర్లలో ఉంటున్న కుటుంబాలకు లాటరీ వేసి, పేదరికం తక్కువున్న వాడల్లో మాత్రమే చెల్లే అద్దె కూపన్లు ఇచ్చింది. ఎందుకు వెళ్లాలనుకుంటున్నారని అడిగితే ఎక్కువమంది చెప్పిన కారణం మంచి బడులో ఉద్యోగాలో కాదు, గ్యాంగుల నుంచి, డ్రగ్స్ నుంచి తప్పించుకోవడం. పదమూడేళ్లు నిండకముందే అలా వెళ్లిన పిల్లలు పాతికేళ్లు వచ్చేసరికి, లాటరీ తగలనివాళ్ల కంటే 31 శాతం ఎక్కువ సంపాదించారు. టీనేజీలో వెళ్లినవాళ్లకు ఆ లాభం కనిపించలేదు. 2024లో చెట్టి బృందం ఇంకో లెక్క తెచ్చింది. 1978లో పుట్టినవాళ్లతో పోలిస్తే 1992లో పుట్టిన పేద నల్ల పిల్లలు మెరుగయ్యారు, పేద తెల్ల పిల్లలతో వాళ్లకున్న తేడా సుమారు 30 శాతం తగ్గింది. చుట్టుపక్కల పెద్దవాళ్లకు ఉద్యోగాలున్న చోట ఈ మార్పు ఎక్కువగా కనబడింది.

అందర్నీ వేరే చోటికి తరలించడం ఎలాగూ కుదరదు. ఉన్న వాడనే బాగుచేస్తే ఏమవుతుందన్న దానికి ఇప్పటిదాకా దొరికిన నమ్మకమైన జవాబు చాలా చిన్న పని మీద వచ్చింది. ఫిలడెల్ఫియాలో ఇళ్లు కూలిపోయాక మిగిలిన వేలాది ఖాళీ జాగాల్లోంచి 541 తీసుకున్నారు. చార్లెస్ బ్రానస్, యూజీనియా సౌత్‌లతో కూడిన బృందం లాటరీ పద్ధతిలో వాటిలో కొన్నిటిని బాగుచేయించి, కొన్నిటిని చెత్త మాత్రం ఎత్తించి, కొన్నిటిని అలాగే వదిలేసింది. బాగుచేయడమంటే చెత్త, విరిగిన ఫర్నిచర్, పిచ్చిమొక్కలు తీసేసి, నేల చదును చేసి, గడ్డి వేసి, నాలుగు చెట్లు నాటడం. ఒక్కో జాగాకు అయింది దాదాపు 1,600 డాలర్లు. పేదరికం ఎక్కువున్న వాడల్లో అలా చేసిన చోట్ల తుపాకి కాల్పులు 29 శాతం తగ్గాయి, నేరాలు పక్క వీధికి జరిగిన జాడా కనబడలేదు. అంతకుముందు తుపాకులు దాచుకోవడానికి పనికొచ్చింది ఆ పిచ్చిమొక్కల తుప్పలే. జాగా చుట్టూ నడుము ఎత్తు కూడా లేని చెక్క కంచె వేశారు. లారీవాళ్లు వచ్చి చెత్త పారబోయకుండా కంచె, మనుషులు లోపలికి వచ్చి కూర్చోవడానికి అందులో వదిలిన సందు.